నిండుగా తిరిగొచ్చిన నీళ్ళ సీసా

పోయిన వారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు మావాడు ఇంటికొచ్చాడు. వచ్చే నెల ఎనిమిదో తరగతిలోకి వెళ్తాడు. పేరుకు సెలవులే. పై తరగతికి ముందే తయారు చేస్తామంటూ బ్రిడ్జి కోర్సు అని ఒకటి తగిలించారు, నేనూ ఫీజు కట్టాను. సంచిలోంచి నీళ్ళ సీసా తీస్తే, పొద్దున నింపినది నింపినట్టే ఉంది. వాడి పెదవులు మాత్రం ఎండి తెల్లబారాయి. ఎందుకు తాగలేదురా అంటే, "తాగితే బాత్రూముకు వెళ్ళాలమ్మా. అక్కడ కాలు పెట్టలేం" అన్నాడు.

బెజవాడ ఎండలో, రేకుల షెడ్డు కింద, నాలుగు గంటలపాటు నీళ్ళు తాగకుండా కూర్చోవడానికి నేను డబ్బు కట్టాను! లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో తలకొట్టి కొలిచిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాను. సాయంత్రానికి తేరుకున్నాడు. (కూల్‌డ్రింకు పోస్తే సరిపోతుందని సలహా ఇచ్చిన పక్కింటాయనకు దండం. అందులో ఉన్నంత పంచదారకు దాహం తీరదు, పెరుగుతుంది.)

ఇంకో సంగతి. ప్రకాశం బ్యారేజీ పక్కన పుట్టిన ఊరి పిల్లలు మనవాళ్ళు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ, మూడూ ఊరి మధ్యనుంచే పోతాయి. మా అపార్ట్‌మెంటులో ఇరవై రెండు ఇళ్ళున్నాయి. ఎంతమంది పిల్లలకు ఈత వచ్చని అడుగుతూ పోతే ఒక్కరు తేలారు, వాచ్‌మన్ కూతురు. వాళ్ళ ఊరి చెరువులో నేర్చుకుందట. మిగిలిన వాళ్ళకు అబాకస్ వచ్చు, కోడింగ్ వచ్చు. ప్రతి వేసవిలోనూ స్నానానికి దిగి మునిగిన పిల్లల వార్త ఏదో ఒక మూల ఉంటుంది, మనం పేజీ తిప్పేస్తాం. మోకాలి లోతే కదా అనుకుని అడుగు వేసిన చోట ఇసుక తవ్విన గొయ్యి ఉంటుంది. మునిగేవాడు చాలాసార్లు అరవనైనా అరవలేడు, గట్టున ఉన్నవాళ్ళకు ఆడుకుంటున్నట్టే కనిపిస్తాడు. ఈత వచ్చినా పెద్దవాళ్ళు లేకుండా కృష్ణలో దిగకూడదు, అది వేరే మాట. కానీ కొలనులో నేర్పించడానికి కూడా తీరిక లేదంటే ఏమనాలి?

పొద్దున ఈత నేర్పిస్తాం సరే, మధ్యాహ్నం ఏం చేయాలి? గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మమ్మ పదకొండు గంటలకల్లా తలుపు గడియ పెట్టేది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి, మీ బుర్రలెంత అనేది. తాటి ముంజలు తిన్నాక చేయడానికేమీ ఉండేది కాదు. ఆ విసుగే మా చేత పుస్తకం పట్టించింది. ఇప్పుడు విసుగు పుట్టేలోపే ఫోను చేతిలో పెడుతున్నాం, ఆపైన పిల్లలు చదవడం లేదని మనమే ఏడుస్తాం.

పుస్తకాల కోసం మా పేట శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. పత్రికలు చదువుకునే పెద్దలతో కుర్చీలు నిండుగా ఉన్నాయి. పిల్లల పుస్తకాల బీరువాకు తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియడానికే ఇరవై నిమిషాలు పట్టింది. అక్కడి ఉద్యోగినిని తప్పుపట్టలేను, ఆవిడ ఒక్కరే రెండు శాఖలు చూస్తున్నారట. కానీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనమే కడుతున్నాం. 1914లో అయ్యంకి వెంకట రమణయ్య వంటివాళ్ళు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని పెట్టుకున్నది ఈ ఊళ్ళోనే. ఆ తరంవాళ్ళు కాలువల మీద పడవల్లో పుస్తకాలు పంపారు. మనం బీరువా తాళం తీయించుకోలేమా? మీ పేటలో కూడా వెళ్ళి అడగండి. నలుగురు పిల్లలతో వెళ్ళి అడిగితే త్వరగా తీస్తారు, నేను చూశాను.

తెచ్చిన నాలుగింటిలో మావాడు దయ్యాల కథలే పట్టుకున్నాడు. మా ఆయన మొహం చిట్లించి, "జనరల్ నాలెడ్జి పుస్తకం ఏదైనా తేవలసింది" అన్నారు. నేను వినిపించుకోలేదు.

కోర్సు మాన్పించాను, ఫీజు తిరిగి ఇవ్వరట. సోమవారం నుంచి పొద్దున ఆరు గంటలకు ఈతకు తీసుకెళ్తున్నాను. మొదటిరోజు వాచ్‌మన్ కూతురు తోడు వచ్చింది. మావాడు గట్టు వదలనంటే, "కాళ్ళు కొట్టు, నేను పట్టుకుంటాను" అని అరగంట నిలబడింది. ఇంటికొస్తూ దయ్యాల పుస్తకం తనకూ కావాలని అడిగింది. మావాడు ఇంకా ఇవ్వలేదు, చివరి కథ మిగిలిందట.