బ్యాటరీ పోయింది, మార్చేయండి

పొద్దున అమ్మాయి స్కూలు బస్సు తప్పిపోయింది. దింపివద్దామని బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ రెండో బేస్‌మెంట్‌లోకి వెళ్లి కారు తాళం తిప్పాను. టిక్ అంది. ఇంకోసారి తిప్పాను. టిక్, టిక్. డాష్‌బోర్డు దీపాలు మాత్రం పెళ్లిపందిరిలా వెలుగుతున్నాయి. అమ్మాయిని ఆటో ఎక్కించి, రోడ్డు చివర బ్యాటరీ షాపుకు ఫోన్ చేశాను. ఆ తర్వాత జరిగింది రాయకపోతే నాకు ఇవాళ అన్నం సహించదు.

షాపు కుర్రాడు పావుగంటలో వచ్చాడు. ఆ ఒక్కటీ మెచ్చుకోవాలి. బానెట్ ఎత్తాడు, తొంగి చూశాడు, దించేశాడు. "బ్యాటరి హోగిదె సార్" అన్నాడు కన్నడంలో, అంటే పోయిందట. ఒక్క వైరు ముట్టుకోలేదు. నాడి పట్టకుండానే మరణ ధ్రువపత్రం రాసేశాడు. తీరా చూస్తే బైకు వెనక కొత్త బ్యాటరీ తాడుతో కట్టి ఉంది. ఫోనులో నేను చెప్పింది "స్టార్ట్ కావడం లేదు" అన్న ముక్క ఒక్కటే!

"మీటరు పెట్టి చూడు బాబూ" అంటే నవ్వాడు. రోజుకు ఇరవై బళ్లు చూస్తాడట, చెయ్యి పెడితే తెలిసిపోతుందట. సరే స్వామీ, నా బ్యాటరీకి రెండేళ్ల నాలుగు నెలలే, వారంటీ ఉంది కదా అన్నాను. వారంటీ అంటే మూడు రోజులు ఆగాలి, కంపెనీవాళ్లు ఒప్పుకోవాలి, అంతకంటే పాతది తనకిచ్చేస్తే కొత్తదాని ధర తగ్గిస్తానన్నాడు. ఎందుకు తగ్గించడు? దాంట్లో సీసం ఉంది, సీసానికి ధర ఉంది. పైగా నాది బతికున్న బ్యాటరీ. చచ్చినదని చెప్పి పట్టుకెళ్లి ఇంకెవరి కారులో పునర్జన్మ ఇప్పిస్తాడో ఎవరికి తెలుసు.

బైకు మీద ఉన్నదేమో 65 ఆంపియర్ అవర్లది, ఎంత కరెంటు దాచుకుంటుందో చెప్పే లెక్క అది. నా కారుకు ఫ్యాక్టరీలో పెట్టింది 35ది. "పెద్దది వేయించుకోండి సార్, గట్టిగా ఉంటుంది" అట. ట్రేలో అది పట్టదు, బిగించే క్లాంపు అందదు, మన గుంతల రోడ్ల మీద ఊగి ఊగి లోపలి పలకలు దెబ్బతింటాయి. నా బ్యాటరీ మీద 38బి20ఎల్ అని ఉంటుంది. అందులో 20 అంటే పొడవు ఇరవై సెంటీమీటర్లు. చివరి అక్షరం వైర్లు బిగించే టెర్మినళ్లు ఏ పక్కన ఉన్నాయో చెబుతుంది. ఆ ఒక్క అక్షరం మారిందా, వైరు అందక సాగదీసి కట్టాలి. ఇవేవీ బ్రహ్మవిద్య కాదు, డబ్బా మీద అచ్చు వేసి ఉన్నవే. అమ్మేవాడు చదవడు, కొనేవాడు అడగడు. తయారైన నెల ఏదని అడిగినా మన వంక శత్రువును చూసినట్టు చూస్తారు. షాపులో ఏడాది ఛార్జింగు లేకుండా పడి ఉన్న బ్యాటరీ కొత్తది ఎలా అవుతుంది? కొనకముందే సగం ముసలిది.

సరే, వద్దని పంపించేశాను. వెళ్తూ "సాయంత్రం మీరే పిలుస్తారు" అని శాపం పెట్టి మరీ వెళ్లాడు.

అప్పుడు పైకెళ్లి ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో ఎప్పుడో మూడు వందలకు కొన్న మల్టీమీటరు తెచ్చాను. బ్యాటరీ కొమ్ముల మీద నేరుగా పెడితే 12.5 వోల్టులు. నిండుగా ఉంటే 12.6 పైచిలుకు చూపించాలి, 12.2కి వస్తే సగం ఖాళీ అయినట్టు. అంటే నాదాంట్లో ఛార్జింగు నిక్షేపంలా ఉంది. మరి జబ్బెక్కడ? నెగటివ్ టెర్మినల్ మీది రబ్బరు టోపీ ఎత్తితే కనిపించింది. తెల్లగా, అంచుల్లో ఆకుపచ్చగా, తడిసి ఎండిన సున్నంలా చిలుము పేరుకుపోయింది. వైరు చూడటానికి బిగిసే ఉంది, మధ్యలో కరెంటుకు దారి ఇరుకైపోయింది. దీపాలకు కాస్త సరిపోతుంది, స్టార్టరు మోటారుకు ఒక్కసారిగా వందల ఆంపియర్లు కావాలి, అక్కడ చేతులెత్తేసింది. నెగటివ్ ముందు విప్పి, తర్వాత పాజిటివ్ విప్పి, వంటసోడా కలిపిన వేడినీళ్లు పోస్తే నురగలు కక్కుతూ కరిగిపోయింది. పాత టూత్‌బ్రష్షుతో తోమి, తుడిచి, ఈసారి పాజిటివ్ ముందు బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాశాను. తాళం తిప్పితే మొదటి దెబ్బకే స్టార్టయింది. ఇంజిను నడుస్తుండగా 14.1 చూపించింది, అంటే బండి నడుస్తుంటే బ్యాటరీని నింపే ఆల్టర్నేటరూ బాగుంది. ఖర్చు రెండు చెంచాల వంటసోడా.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. కిందటిసారి సర్వీసులో ఇంకో మహానుభావుడు మా నాన్నగారి పాత కారు బ్యాటరీలో కుళాయి నీళ్లు పోయబోయాడు. మా కుళాయిలో వచ్చేది ట్యాంకరు నీళ్లు. 2024 ఎండాకాలంలో ఆ ట్యాంకర్ల కోసం మేం పడ్డ పాట్లు మీకూ తెలిసినవే. బకెట్ల మీద తెల్లటి పొర కట్టే ఆ నీళ్లు మన జుట్టుకే పడవు, బ్యాటరీకి పోస్తారా? అందులోకి పోయాల్సింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే.

అసలు ఈ ఊళ్లో బ్యాటరీ బతకడమే గొప్ప. బెళ్ళందూరు దాకా ఉన్న కాస్త దూరానికి గంట. ఆ గంటలో ముప్పావు వంతు నిలబడే ఉంటాం. ఏసీ, వైపర్లు, దీపాలు అన్నీ నడుస్తుంటాయి, ఇంజిను మాత్రం మూలుగుతూ ఉంటుంది. స్టార్ట్ చేయడానికి వాడుకున్నది తిరిగి నిండేలోపే ఆఫీసు వచ్చేస్తుంది. వారానికోసారైనా అరగంట ఏకబిగిన నడపండి అని రాస్తారు పుస్తకాల్లో. ఎక్కడ నడపమంటారు, రింగురోడ్డు మీదా?

ఇంతా చెప్పింది ఎందుకంటే, నేను టూత్‌బ్రష్షుతో తోముతుండగా మూడో అంతస్తు ఆయన కాఫీ కప్పుతో వచ్చి నిలబడ్డారు. మనవారే, గుంటూరు వైపు. "అందుకేనండీ ఎలక్ట్రిక్ తీసుకోమని ఎప్పటి నుంచో చెబుతున్నాను. మాకు ఈ బాధలేవీ ఉండవు" అన్నారు.

అయ్యా, దసరాకు మీరు పన్నెండు రోజులు ఊరెళ్లి వచ్చినప్పుడు మీ ఎలక్ట్రిక్ కారు తలుపు తెరుచుకోలేదు, గుర్తుందా? కింద పెద్ద బ్యాటరీలో డెబ్బై శాతం ఛార్జింగు ఉంది. దాన్ని నిద్రలేపాల్సిన చిన్న 12 వోల్టుల బ్యాటరీ మాత్రం చచ్చిపోయింది. నా కారులోదాని లాంటిదే, అదే సీసం, అదే ఆసిడ్. రాత్రింబవళ్లు మీరు పెట్టించిన డ్యాష్‌క్యామ్ కెమెరా తాగేసింది దాన్ని. మామూలు తాళంచెవితో తలుపు తీసి, నా పెట్రోలు కారును పక్కన నిలబెట్టి, నా జంపర్ కేబుళ్లతో బతికించింది నేను. మీరు నల్ల క్లిప్పు తిన్నగా చచ్చిన బ్యాటరీకే తగిలించబోతుంటే, నిప్పురవ్వ లేస్తుంది, దూరంగా ఉన్న లోహానికి పెట్టండని చెయ్యి పట్టుకుని ఆపింది కూడా నేనే.

ఆ మధ్య నేను ఊరెళ్లేటప్పుడు చిన్న ఛార్జరు పెట్టుకుంటానని బేస్‌మెంట్‌లో ఒక్క ప్లగ్గు అడిగితే, "కామన్ కరెంటండీ, కుదరదు" అని అసోసియేషన్ మీటింగులో లేచి చెప్పిందీ మీరే. అదే నెలలో మీ స్తంభానికి ఛార్జింగ్ పాయింటు వచ్చింది. సరే, పోనివ్వండి.

"రేపు తెచ్చిస్తాను" అని కేబుళ్లు పట్టుకెళ్లారు. దసరా వెళ్లింది, సంక్రాంతి వెళ్లింది, ఉగాది కూడా వెళ్లింది. ఇవాళ అవి నా దగ్గర ఉంటే ఆ షాపుకు ఫోనే చేసేవాడిని కాదు. ఎరుపొకటి, నలుపొకటి. నల్లదానికి క్లిప్పు దగ్గర పసుపు రంగు టేపు చుట్టి ఉంటుంది. మీ డిక్కీలో స్టెప్నీ ఉండాల్సిన చోట పడి ఉన్నాయి. పొద్దున మీరు డిక్కీ తీసి వాటి మీదనే జిమ్ బ్యాగు పెట్టారు, నేను చూశాను.