కాల్ ఒకటే, లెక్కలు రెండు

ఉదయం 9.40కి టెలిగ్రామ్ గ్రూపులో మెసేజ్ పడుతుంది: ‘నిఫ్టీ కాల్ 80 దగ్గర కొనండి. స్టాప్‌లాస్ 65, టార్గెట్ 110’. అంటే నిఫ్టీ సూచీ పెరుగుతుందని వేసే పందెం లాంటి ‘కాల్ ఆప్షన్’ను 80 రూపాయలకు కొని, 65కి పడితే నష్టానికి, 110కి చేరితే లాభానికి అమ్మేయాలి. బస్సులో నిలబడి ఉన్న కుర్రాడు అది చూసి, యాప్ తెరిచి, ఆర్డర్ పెట్టేసరికి ధర 92కి చేరింది. అయినా కొనేశాడు.

చెప్పినవాడు 15 రూపాయలు పోయినా పర్వాలేదనుకుని 30 కోసం చూస్తున్నాడు. మన కుర్రాడు 27 పోగొట్టుకోవడానికి సిద్ధపడి 18 కోసం చూస్తున్నాడు. ఇలాంటి పది సలహాల్లో (వీటినీ ‘కాల్స్’ అనే అంటారు) నాలుగు టార్గెట్‌కు చేరి, ఆరు స్టాప్‌లాస్ దగ్గర ఆగిపోయాయనుకుందాం. చెప్పినవాడికి 120 వచ్చి 90 పోతుంది, 30 మిగులుతుంది. కుర్రాడికి 72 వచ్చి 162 పోతుంది. అంటే 90 నష్టం. చెప్పినవాడు నూటికి నూరుపాళ్లు నిజాయతీపరుడే అనుకుని వేసిన లెక్క ఇది. బ్రోకరేజీ, పన్నులు ఇంకా కలపనే లేదు.

అందుకే కొత్తగా ట్రేడింగ్‌లో అడుగుపెట్టినవాళ్లు సోషల్ మీడియాలో ఇలా సలహాలిచ్చే ఇన్‌ఫ్లుయెన్సర్ల పద్ధతులను కాపీ కొట్టవద్దని మేము గట్టిగా చెబుతున్నాం. వీడియోలో కనిపించేది ఎక్కడ కొన్నాడన్న ఒక్క ముక్కే. మొత్తం సొమ్ములో ఎంత పెట్టాడు, వరసగా ఆరుసార్లు పోతే ఏం చేస్తాడు, ఇంకో ఖాతాలో దీనికి ఎదురు పొజిషన్ (వ్యతిరేక దిశలో వేసిన పందెం) ఏమైనా ఉందా అన్నది మనకు తెలియదు. కోటి రూపాయలున్నవాడికి లక్ష పోతే ఒక శాతం. అదే లక్ష క్రెడిట్ కార్డు మీద తెచ్చినవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. మర్నాడు ఆ టెన్షన్‌లో స్టాప్‌లాస్ తీసేస్తాడు, ‘తిరిగొస్తుందిలే’ అని ఇంకో లాట్ (ఒకసారికి కొనాల్సిన కనీస పరిమాణం) కొంటాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే ఇది. కాలిన ఒళ్లు మాత్రం నిజం.

ఎంత కాలిందో స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తీసింది. 2021-22 నుంచి 2023-24 వరకు ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో (షేర్లు, సూచీల రేపటి ధరలపై కుదుర్చుకునే ఒప్పందాల్లో) ట్రేడ్ చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. మూడేళ్లలో పోయింది 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవాళ్లు ఒక్క శాతం. 2024-25లో నష్టపోయినవాళ్లు 91 శాతం కాగా, ఆ ఒక్క ఏడాదే 1.05 లక్షల కోట్లు ఆవిరయ్యాయి. మమ్మల్ని ఎక్కువగా కలచివేసిన అంకె వేరే ఉంది. 2023-24లో ఈ ట్రేడర్లలో 43 శాతం మంది 30 ఏళ్లలోపు వాళ్లు. అంతకు ముందు ఏడాది వాళ్లు 31 శాతమే. వీళ్లు తలపడుతున్నది తమలాంటి ఇంకో కుర్రాడితో కాదు. 2023-24లో విదేశీ సంస్థలు సంపాదించిన లాభంలో 97 శాతం అల్గో ట్రేడింగ్ (కంప్యూటర్ ప్రోగ్రాములే ఆర్డర్లు పెట్టే పద్ధతి) నుంచే వచ్చింది. ఫోన్‌లో మెసేజ్ చదివేలోపు ఆ కంప్యూటర్లు పని ముగించేస్తాయి.

మరి చెప్పేవాళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది? ‘బాప్ ఆఫ్ చార్ట్’ పేరుతో ప్రచారంలోకి వచ్చిన వ్యక్తిపై 2023 అక్టోబరులో సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు చూస్తే తెలుస్తుంది. కోర్సులు, సలహాల పేరిట అందిన 17.2 కోట్లను జమ చేయాలని సెబీ ఆదేశించింది. రెండున్నరేళ్లలో ఆయన సొంత ట్రేడింగ్‌లో మిగిలింది మాత్రం దాదాపు 2.9 కోట్ల నష్టం! జనానికి చూపించింది లాభాలు, సంపాదించింది ఫీజులు. అందరూ ఇలాగే ఉంటారని మేము అనడం లేదు. కానీ లాభం వచ్చిన రోజు పెట్టే స్క్రీన్‌షాట్ చూసి, ఎవరు ఏ రకమో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

మార్కెట్ పాఠాలు చెప్పేవాళ్లు గత మూడు నెలల ధరలను వాడకూడదని 2025 జనవరిలో సెబీ స్పష్టం చేసింది. మంచి నిబంధనే, కానీ డబ్బు కట్టి చేరే ప్రైవేటు గ్రూపులపైనా అంతే నిఘా ఉండాలి. బ్రోకరేజీ యాప్‌ల విషయంలోనూ ఒక మార్పు అవసరం. ‘పది మందిలో తొమ్మిది మంది నష్టపోయారు’ అనే హెచ్చరిక లాగిన్ కాగానే వస్తుంది. అది ఊరందరి లెక్క కాబట్టి చదవకుండానే నొక్కేసి ముందుకు పోతున్నారు. దాని స్థానంలో, ఖాతా తెరిచిన నాటి నుంచి ఈ రోజు వరకు ఆ మనిషికి నికరంగా ఎంత పోయిందో పెద్ద అక్షరాలతో చూపించాలి.

వరస ఏళ్లలో నష్టపోయినవాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి పైగా ట్రేడింగ్ ఆపలేదని సెబీ అధ్యయనమే చెప్పింది. వాళ్లలో మీరూ ఉంటే, పోయింది రాబట్టడానికి ఇంకో గ్రూపులో చేరకండి. ఈ రాత్రికి యాప్‌లోంచి ప్రాఫిట్ అండ్ లాస్ స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేయండి. అమ్మకో, నాన్నకో, భార్యకో, భర్తకో ఆ కాగితం చూపించండి. రెండు లక్షల దగ్గర ఇంట్లో తెలిస్తే కోప్పడతారు, ఏడుస్తారు, తర్వాత అందరూ కలిసి తీర్చే దారి వెతుకుతారు. ఇరవై లక్షలు అయ్యేదాకా దాచకండి.