ఏడు కోట్ల పల్లెటూరు

పర్లాకిమిడి పెద్దమనుషులకు ఈమధ్య అమెరికా గాలి సోకింది. హెచ్‌1బీ లాటరీకి దండాలు పెట్టుకునే పాత పద్ధతి కాదు, డబ్బు కట్టి దర్జాగా గ్రీన్‌కార్డు తెచ్చుకునే ఈబీ-5 పద్ధతి. సంతోషమే. అయితే మకాం మార్పు విద్యలో మన ఊరికి ఒకరు పాఠం చెప్పాలా?

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. ముందురోజు రాత్రి మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకున్న మన తాతలు తెల్లారేసరికి ఒరిస్సాలో నిద్రలేచారు. మంచం అంగుళం జరగలేదు. దరఖాస్తు లేదు, ఫీజు లేదు. ఈ సౌకర్యం గిట్టని గిడుగు రామమూర్తి పంతులుగారు మాత్రం రాజమండ్రి వెళ్లిపోయారు. ఇక కొఠియా పల్లెల వైభవం చూడండి. ఆంధ్ర మాదంటుంది, ఒడిశా మాదంటుంది, 1968లోనే తగువు సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడ చాలామందికి రేషన్ కార్డులు రెండు, ఓటరు కార్డులు రెండు. లోకంలో మనిషి డబ్బు పట్టుకుని ప్రభుత్వం గుమ్మంలో నిలబడతాడు. కొఠియాలో ప్రభుత్వాలే బియ్యం పట్టుకుని మనిషి గుమ్మానికి వస్తాయి. (రోడ్ల సంగతి అడక్కండి.)

అమెరికా అంత ఉదారం కాదు. 2022 చట్టం ప్రకారం 10.5 లక్షల డాలర్లు పెట్టి, అక్కడివాళ్లు పదిమందికి ఉద్యోగాలు చూపించాలి. పల్లెటూళ్లోనో, నిరుద్యోగం ఎక్కువున్న చోటో పెడితే రాయితీ ఉంది, 8 లక్షలు చాలు. మన లెక్కలో సుమారు ఏడు కోట్లు.

మా బావగారు ఈ రాయితీకే పడిపోయారు. పాతపట్నం రోడ్డులో ఆయన రైస్‌మిల్లుకు తాళం పడింది. అందులో చేసిన కుర్రాళ్లు సూరత్ మరమగ్గాల మీదకు పోయారు. ఆయన చేతిలో బ్రోచరు, అందులో మొక్కజొన్న చేల మధ్య సగం కట్టిన హోటలు.

"ఆ డబ్బుతో మన మిల్లే తెరవొచ్చు కదా బావగారూ?" అన్నాను.

"ఈ పల్లెటూళ్లో ఎవడు పెడతాడయ్యా డబ్బు? పనికి మనిషి దొరకడు, అందరూ ఖాళీగా తిరుగుతుంటారు" అన్నారు, ఒకే గుక్కలో.

చిక్కల్లా రిజర్వు బ్యాంకుతో వచ్చింది. తలకు ఏడాదికి 2.5 లక్షల డాలర్లకు మించి బయటికి పంపనివ్వదు. బావగారు, వాళ్లావిడ, అబ్బాయి కలిసినా 7.5 లక్షల దగ్గర ఆగిపోయింది. నాలుగో తల కోసం మామగారి దగ్గరికెళ్లారు. ఆయన సరేనన్నారు గానీ షరతు పెట్టారు: ఆ పది ఉద్యోగాల్లో ఒకటి ఇంట్లో ఖాళీగా ఉన్న తన రెండోవాడికి ఇవ్వాలట. "అవి అమెరికాలో పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉన్నవాళ్లకేనండీ" అని బావగారు నచ్చజెప్పబోయారు.

"అయితే నా డాలర్లు అక్కడెందుకు? మిల్లు తాళాలు ఇలా ఇవ్వు, వాడే నడుపుకుంటాడు" అన్నారట మామగారు.

బావగారు తాళాలు ఎక్కడో పెట్టి మర్చిపోయారట. ఇంటిల్లిపాదీ వెతుకుతున్నారు.