మధ్యాహ్నమైనా గుమ్మం వెలుగు చాలు

పోర్ట్రెయిట్లకు, అంటే మనిషి ముఖం ప్రధానంగా తీసే ఫొటోలకు, ఉదయం, సాయంత్రం ఎండే మంచిదని చాలామంది అంటారు. నిజమే, కానీ మిట్టమధ్యాహ్నం కూడా చక్కటి ఫొటో వస్తుంది. నేరుగా ఎండ పడని గుమ్మం చూసుకుని, మనిషిని రెండడుగులు లోపల, ముఖం బయటికి ఉండేలా నిలబెట్టండి. వెలుగు మెత్తగా పడుతుంది, వెనక గది దానంతటదే చీకటైపోతుంది. కళ్లలో తలుపు ఆకారంలో చిన్న మెరుపు కనిపిస్తే చోటు కుదిరినట్టే. లేకపోతే గడ్డం కాస్త పైకెత్తమనండి. కళ్లు లోతుగా ఉండే పెద్దవాళ్లకు ఇది మరీ అవసరం. లోపలి ట్యూబ్‌లైటు మాత్రం ఆపేయండి, రెండు రకాల వెలుగు కలిస్తే చర్మం రంగు పాడవుతుంది. ఫోన్లో తీసేవాళ్లు తెర మీద ముఖం ఉన్నచోట నొక్కి ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు మోతాదు) కొద్దిగా తగ్గించాలి. అప్పుడు చామనఛాయ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడదు. మనవాళ్ల ముఖాలను ఉన్న రంగులోనే అందంగా చూపించాలని నా కోరిక.