ప్యాచ్ మీద వెలసిన రివ్యూ కామెంటు గారికి

మహారాజశ్రీ రివ్యూ కామెంటు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. నేను ప్యాచ్‌ని, అంటే ప్రోగ్రాం కోడ్‌లో చేయదలచిన మార్పుల చిట్టాని. తమరు నన్ను పరిశీలించినవారు పక్కన రాసిన వ్యాఖ్య. 47వ లైను పక్కన పసుపు పూసుకుని కొలువుతీరి, "ఇక్కడ స్పేస్ ఒకటి ఎక్కువైంది" అని తమరు సెలవిచ్చారు. సంతోషం. 44వ లైనులో కొత్తగా చేరిన రిటర్న్ (ఫంక్షన్ నుంచి బయటపడే ఆదేశం) కూడా తమరి కంట పడితే ఇంకా బాగుండేది. దానికి పైన లాక్ (ఒకే డేటాని ఇద్దరు ఒకేసారి ముట్టకుండా వేసే తాళం) తీసుకున్నారు, అన్‌లాక్ ఇరవై లైన్ల కింద ఉంది. ఎర్రర్ వచ్చి మధ్యలోనే బయటపడితే లాక్ అలాగే ఉండిపోతుంది, తర్వాత వచ్చిన థ్రెడ్ (ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి) దాని కోసం కాచుకునే ఉంటుంది. తప్పంతా తమరిదే అనలేం లెండి. డిఫ్, అంటే పాత కోడ్‌కీ కొత్త కోడ్‌కీ తేడా చూపే జాబితా, మామూలుగా మార్పుకి పైన 3, కింద 3 లైన్లే చూపిస్తుంది. గిట్ (కోడ్ మార్పుల చరిత్ర దాచే సాధనం) డిఫ్‌కి పెద్ద డబ్ల్యూ (-W) ఇస్తే ఫంక్షన్ మొత్తం కనబడుతుంది. చిన్న డబ్ల్యూ (-w) ఇస్తే స్పేసుల తేడాలు మాయమవుతాయి. ఈ రెండోదంటే తమరి వంశంలో చాలామందికి జంకు, ఉపాధి పోతుందని. (పైథాన్ జోలికి మాత్రం చిన్న డబ్ల్యూతో వెళ్లకండి. అక్కడ ఇండెంట్ మారితే అర్థమే మారుతుంది.)

ఆకుపచ్చ లైన్లంటే, అంటే కొత్తగా చేరినవంటే, తమరికి మోజు. తీసేసిన ఎర్ర లైన్ల మీద ఎప్పుడో గానీ వెలవరు. "ఈ నల్ చెక్ (విలువ అసలు ఉందా లేదా అని చూసే జాగ్రత్త) ఎందుకు తీసేశారు?" అని అడగాల్సింది అక్కడే కదా! ఇక రాయని టెస్టుకి రంగే ఉండదు, పాపం తమరికి కూర్చోను చోటే దొరకదు.

"ఇలా ఎందుకు?" అన్నారు మరోచోట. అడిగారా, దెప్పారా, మార్చమన్నారా? "ఖాళీ లిస్టు వస్తే 52వ లైనులో సున్నాతో భాగహారం జరుగుతుంది, ముందే చెక్ పెట్టాలి, అప్పటిదాకా మర్జ్ (అసలు కోడ్‌లో కలపడం) వద్దు" అంటే ఎవరికైనా తెలుస్తుంది. చిన్న సంగతైతే ముందు "నిట్" అని తగిలించుకోండి, పరువేం పోదు.

రీబేస్ చేసి (మార్పులని కొత్త పునాది మీద మళ్లీ పేర్చి), ఫోర్స్ పుష్ కొట్టగానే (పాతదాని మీద బలవంతంగా ఎక్కించగానే) తమరి కింది లైను జారిపోతుంది. నెత్తిన "ఔట్‌డేటెడ్" ముద్ర పడి ముడుచుకుపోతారు. అడిగిన మార్పు జరిగిందో లేదో చూసే నాథుడుండడు. పాత వరసకీ కొత్త వరసకీ కమిట్‌కి కమిట్ (కమిట్ అంటే చరిత్రలో నమోదైన ఒక్కో మార్పు) జోడించి తేడా చూపే రేంజ్ డిఫ్ 2018లో, గిట్ 2.19తోనే వచ్చింది. తమరి సంస్థానానికి ఆ కబురింకా అందినట్టు లేదు.

ఈమధ్య ప్యాచ్ ఫైలు లోపలికే దిగుతున్నారట. "@@ -40,7 +40,9 @@" అంటే పాత ఫైలులో 40వ లైను నుంచి 7 లైన్లు, కొత్తదాంట్లో 9. ఆ నడుమ తమరు దూరితే లెక్క తప్పి, "కరప్ట్ ప్యాచ్" అని గిట్ గెంటేస్తుంది. అదే నయం. ముందు ప్లస్ పెట్టుకుని, 9ని 10గా దిద్ది మరీ వస్తే, తమరిని కూడా కోడ్ అనుకుని సోర్సులో కలిపేస్తుంది. కమిట్ సందేశం అయ్యాక మూడు గీతలుంటాయి (---) చూడండి, వాటికీ డిఫ్‌కీ మధ్య కావలసినంత జాగా. ప్యాచ్‌ని కమిట్‌గా చేర్చే గిట్ ఏఎం అక్కడి రాతని పక్కన పెట్టేస్తుంది, చరిత్రలోకి ఎక్కనివ్వదు. అక్కడ కాళ్లు చాపుకుని కూర్చోండి.

ఇట్లు,
ఆమోదం కోసం పడిగాపులు కాస్తున్న ప్యాచ్, మూడో వెర్షన్

తా.క.: తమరి తమ్ముడు ఎల్‌జీటీఎం ("నాకు బాగానే ఉంది") గారు 900 లైన్ల ప్యాచ్ మీద ఒక్క నిమిషంలో వెలిశారు. వారికి వేరే ఉత్తరం రాస్తాం, చదివే అలవాటుంటే.