అన్ని డిస్ట్రిబ్యూటర్లూ ఒకటేనట!

ఇప్పుడే పార్సెల్ విప్పాను. మా పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారుకు 1600 సీసీ ఇంజనూ, గాలినీ పెట్రోలునూ కలిపే 34 పిక్ట్-3 కార్బ్యురేటరూ ఉన్నాయని, దానికి వాక్యూం అడ్వాన్స్ (ఇంజన్ పీల్పుతో స్పార్క్ సమయాన్ని ముందుకు జరిపే ఏర్పాటు) ఉన్న డిస్ట్రిబ్యూటరే, అంటే సిలిండర్లకు వంతులవారీగా స్పార్క్ పంచే భాగమే, కావాలని పొల్లుపోకుండా రాసి, ఫొటోలు జతచేసి, డబ్బు ముందుగానే చెల్లిస్తే, ఆ మహానగరపు విడిభాగాల వ్యాపారి నాకు పంపినది బాష్ కంపెనీ 009 డిస్ట్రిబ్యూటర్. దానికి పక్కన వాక్యూం డబ్బా లేదు, గొట్టం తగిలించుకునే చోటే లేదు. ఫోన్ చేసి అడిగితే, "అన్నీ ఒకటే సార్, అందరూ ఇదే వేసుకుంటున్నారు, పైగా ఇది రేసింగ్ మోడల్" అని సెలవిచ్చారు. ఒడిశాలోని జయపురంలో కాపురముండి, సాలూరు ఘాట్ ఎక్కి దిగడమే పనిగా ఉన్న నాకు రేసింగ్ మోడల్ అంటగట్టిన ఆ ఉదారబుద్ధికి ఏ శాలువా కప్పాలో తెలియడం లేదు.

0 231 178 009 అనే నంబరులోని చివరి మూడు అంకెలే దానికి పేరైపోయాయి. అందులో స్పార్క్‌ను ముందుకు జరిపేవి తిరిగే బరువులు మాత్రమే; ఇంజన్ వేగం పెరిగితే తప్ప అవి విచ్చుకోవు. యాక్సిలరేటర్ మీద కాలు వేసిన క్షణంలో ఇంజన్ వేగం ఇంకా పెరిగి ఉండదు, గాలి మాత్రం ఒక్కసారిగా లోపలికి దూసుకుపోయి పెట్రోలు మిశ్రమాన్ని పలచబరుస్తుంది, పలచని మిశ్రమం నిదానంగా మండుతుంది కనుక స్పార్క్ మరికొంత ముందుగా రావాలి. వాక్యూం ఉన్న డిస్ట్రిబ్యూటర్ అయితే, త్రాటిల్ (గాలి దారిలోని మూత) కాస్త తెరుచుకోగానే కార్బ్యురేటర్ వైపు నుంచి వచ్చే పీల్పు వాక్యూం డబ్బాలోని డయాఫ్రం పొరను లాగి, స్పార్క్ పుట్టించే పాయింట్లు బిగించి ఉన్న ప్లేటును తిప్పి, ఆ పనిని చడీచప్పుడు లేకుండా చేసేస్తుంది. 009కి ఆ సంగతే పట్టదు. అందుకే 34 పిక్ట్-3తో దాన్ని జతచేస్తే, కాలు వేయగానే బండి ఒక్క క్షణం తటపటాయించి గాని కదలదు. మైదానంలో అది చికాకు మాత్రమే. ఘాట్ రోడ్డులో సుంకి దగ్గర మలుపులో, రెండో గేరులో కాలు తీసి మళ్లీ వేసేసరికి వెనుక సరుకు లారీ హారన్ మోగిస్తుంటే అది ప్రాణసంకటం.

జంట కార్బ్యురేటర్లు వేసుకుని, వాక్యూం తీసుకునే దారే లేని ఇంజన్లకు 009 పనికివస్తుంది, కాదనను. అప్పుడు కూడా ఇంజన్ వేగం నిమిషానికి 3000 చుట్లు దాటాక స్పార్క్ 28 నుంచి 32 డిగ్రీలు ముందుగా వచ్చేలా, స్పార్క్ పడినప్పుడల్లా మెరిసే స్ట్రోబ్ లైటుతో సరిచేయాలి గాని, చెవితో విని "బాగుంది" అనుకుంటే సరిపోదు. ఇదంతా నేను వివరిస్తుండగా ఆ వ్యాపారికి కలిగిన సందేహం ఒక్కటే: "ఒడిశాలో ఉండి తెలుగు ఇంత బాగా ఎలా మాట్లాడుతున్నారు సార్?" 1936లో ఒడిశా వేరుపడేదాకా మేము మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నామని పాఠం చెప్పడానికి నేను ఫోన్ చేయలేదు, నా వస్తువు మార్చి పంపమని చేశాను.

నిజానికి బండితో వచ్చిన అసలు డిస్ట్రిబ్యూటర్ నా చేతిలో ఉంటే ఈయన గడప తొక్కే అవసరమే వచ్చేది కాదు. దాన్ని నాతో ఒక్క మాటైనా చెప్పకుండా పాత ఇనుము కింద తూకానికి వేసిన వర్క్‌షాప్ పెద్దమనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు. ఆయన స్ట్రోబ్ లైటు పెట్టి చూశారట, మూడో సిలిండరుకు స్పార్క్ మిగతా మూడింటికంటే ఆలస్యంగా వస్తున్నదట, కాబట్టి లోపల పాయింట్లను తెరిచే క్యామ్ అరిగిపోయిందట! పాత బీటిల్ ఇంజన్లలో ఫ్యాన్ గాలికి ఆయిల్ కూలర్ అడ్డుపడి మూడో సిలిండరు ఎక్కువగా వేడెక్కుతుంది కనుక, దాని స్పార్క్ కొన్ని డిగ్రీలు వెనుకబడేలా చాలా డిస్ట్రిబ్యూటర్లలో క్యామ్‌ను కావాలనే అలా చెక్కారు. జర్మన్ ఇంజనీర్లు బుద్ధిపూర్వకంగా చేసిన పనిని మా పెద్దమనిషి అరుగుదల కింద జమకట్టారు. అందులో నిజంగా చెడినది డయాఫ్రం ఒక్కటే. రెండు స్క్రూలు, ఒక క్లిప్పు విప్పితే ఆ వాక్యూం డబ్బా ఊడివస్తుంది, మరొకటి బిగించుకోవచ్చు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే. పైగా ఆ తూకపు డబ్బులు బిల్లులో తగ్గించానని గొప్పగా చెప్పారు కూడా.

బరంపురం, రాయగడ, పర్లాకిమిడి, విజయనగరం వైపు షెడ్డుల్లో ఇలాంటి పాత బాష్ డిస్ట్రిబ్యూటర్ మూలన పడి ఉంటే, దయచేసి తూకానికి వేయకండి. మధ్యలో తిరిగే షాఫ్ట్‌ను పక్కలకు కదిపి చూడండి, ఊగకూడదు. తరువాత వాక్యూం గొట్టాన్ని నోటితో పీల్చి, కొసను నాలుకతో మూసిపట్టండి. లోపలి ప్లేటు తిరిగి అక్కడే నిలిస్తే డయాఫ్రం కూడా బాగున్నట్టే. నిలవకపోయినా ఫరవాలేదు, నాకు రాయండి, ధర మాట్లాడుకుందాం.