‘మూడు నుంచి ఆరు అంగుళాలు’ గారికి

మహారాజశ్రీ ‘మూడు నుంచి ఆరు అంగుళాలు’ గారికి,

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నిన్న రాత్రి వస్తానన్న తమరు ఎక్కడ ఆగిపోయారో తెలియక కాస్త కంగారుగా ఉంది. ఉభయకుశలోపరి.

సోమవారం నా ఫోన్లో స్నో జోస్యంగా మొదటిసారి కనిపించినప్పుడు మీ పేరు ‘ఐదు నుంచి ఎనిమిది’. మంగళవారానికి చిక్కిపోయి ‘రెండు నుంచి నాలుగు’ అయ్యారు. బుధవారం పొద్దున మళ్లీ కాస్త ఒళ్లు చేసి ఇప్పటి పేరుకొచ్చారు. మూడుకీ ఆరుకీ మధ్య ఏముందిలే అని మీరనుకుంటారేమో. మూడైతే పిల్లల బడి రెండు గంటలు ఆలస్యం. ఆరైతే సెలవు. మూడైతే నా నడుము నాది. ఆరైతే ఫిజియోథెరపిస్టుది.

మా అమ్మ బందరు నుంచి వచ్చి ఉంది. “ఎంత పడుతుందట్రా?” అని అడిగింది.

“మూడు నుంచి ఆరంటమ్మా.”

“అదేం లెక్క? మా బందరు పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తే ఒకటే నంబరు ఎగరేస్తారు. మూడు నుంచి ఆరో నంబరు అని ఎక్కడైనా ఎగరేస్తారా?”

నా దగ్గర జవాబు లేక చెప్పులేసుకుని పాలకి బయల్దేరాను. ఓక్ ట్రీ రోడ్డు మీద అప్పటికే పెళ్లివారి సందడి. కొట్లో కొత్తిమీర ఉండే గంపలో తడి రబ్బరు బ్యాండ్లు మాత్రం మిగిలాయి. నా ముందాయన బండిలో నాలుగు గ్యాలన్ల పాలు, ఇరవై పౌన్ల సోనా మసూరి సంచీ. ఆయన మీ పై అంకెను నమ్మినవాడు. నేను కింది అంకెను నమ్మి ఒక్క గ్యాలను తెచ్చుకున్నాను. మా ఇద్దరినీ పంపింది మాత్రం మీరే.

మీ ఇబ్బంది నాకు అర్థం కాక కాదు. మా ఊరు ఉన్న చోటు అలాంటిది. తూర్పున సముద్రం, వాయవ్యాన కొండలు, మధ్యలో ఐ-95 రోడ్డు. తీరం వెంట పైకొచ్చే తుఫాను కాస్త తూర్పుకి జరిగితే మాకు పొడి ఆకాశం. కాస్త పడమరకి జరిగితే సముద్రపు వెచ్చటి గాలి లోపలికొచ్చి వాన. వానకీ స్నోకీ మధ్య సరిహద్దు గీత తరచూ ఈ రోడ్డు పక్కనే తచ్చాడుతుంది. పోనీ ఎంత నీరు పడుతుందో సరిగ్గా చెప్పారే అనుకుందాం. అంగుళం నీటికి పది అంగుళాల స్నో అన్నది ఉజ్జాయింపు లెక్క. తడి స్నో అయితే ఐదారుతో సరి, బాగా చలిలో పడే పొడి స్నో పదిహేను దాటుతుంది. నీళ్ల లెక్క తప్పకపోయినా అంగుళాల లెక్క తప్పొచ్చు.

మీ వంశ చరిత్ర కూడా నాకు తెలుసు. 2015 జనవరి 26న మీ పెదనాన్నగారు ‘ఇరవై నుంచి ముప్పై’ న్యూయార్క్‌కి వేంచేస్తున్నారని స్నో కోసం ఏకంగా భూగర్భ రైళ్ల సబ్‌వే మూసేశారు. ఆ ఊరి చరిత్రలో అదే మొదటిసారి. తెల్లారి సెంట్రల్ పార్కులో కొలిస్తే 9.8 అంగుళాలు. ఆయన తూర్పుగా జరిగి లాంగ్ ఐలండ్, బోస్టన్‌లలో దిగారట. మా వైపు చూసే మౌంట్ హోలీ వాతావరణ కార్యాలయం అధికారి ట్విటర్‌లో అందరికీ క్షమాపణ చెప్పుకున్నాడు. మీ ఇంట్లోంచి మాత్రం ఒక్కరూ నోరు విప్పలేదు.

2018 నవంబరు 15న వచ్చినాయన దీనికి పూర్తిగా తలకిందులు. కొంచెం పడి వానగా మారిపోతుందన్నారు. సెంట్రల్ పార్కులో 6.4 అంగుళాలు పడింది. మధ్యాహ్నానికే ఇటు జెర్సీలో రోడ్లన్నీ కార్లతో బిగుసుకుపోయాయి. కొన్నిచోట్ల పిల్లలు రాత్రి బడిలోనే పడుకున్నారు. స్నో కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ట్రక్కులు కూడా ఆ కార్ల మధ్యే ఇరుక్కున్నాయి!

అసలు నా బాధ ఆ ఉప్పు ట్రక్కు గురించే. పెళ్లికి ఎంతమంది వస్తారండీ అని వంటమేస్త్రి అడిగితే పెళ్లికూతురి తండ్రి ‘మూడొందల నుంచి ఆరొందలు’ అన్నాడనుకోండి. గాడిపొయ్యి మీద ఎసరు ఎంతకి పెట్టాలి? తక్కువైతే వియ్యాలవారు అలుగుతారు, మిగిలితే పారబోయాలి. ఉప్పు పారబోసినా ఎక్కడికీ పోదు. కరిగి వాగుల్లోకి దిగుతుంది, కొంత నా కారు అడుగున చేరి తుప్పవుతుంది. అయినా ఉప్పు ట్రక్కు మేస్త్రి మీ కోసం ఆగలేడు. మీరు తెల్లవారుజామున నాలుక్కి వస్తానంటే అతను అర్ధరాత్రికే బండి నింపుకోవాలి.

నిన్న మధ్యాహ్నం ఒక ట్యాంకరు వచ్చి మా రోడ్డు మీద ఉప్పునీళ్లు వదిలింది. నూటికి ఇరవై మూడు పాళ్లు ఉప్పు, మిగతా నీళ్లు. స్నో రోడ్డుకి అతుక్కోకుండా ముందే వేసే పూత. ఆరాక జానెడేసి ఎడంతో తెల్లటి గీతలు తేలాయి. అమ్మ కిటికీలోంచి చూసి “ఏవిట్రా, ధనుర్మాసమని ముగ్గులేస్తున్నారా?” అంది. చుక్కలు లేవు గానీ గీతలు నిజంగానే తిన్నగా ఉన్నాయి. తీరా రాత్రి పదకొండుకి మీరు వానగా మొదలయ్యారు. గంటన్నర వాన. ముగ్గంతా కాలవలోకి పోయింది. ఆ తర్వాత తీరిగ్గా స్నోగా మారారు. అంటే మూడు గంటలకి ఆ మేస్త్రి మళ్లీ వచ్చి గళ్లుప్పు చల్లాలి. చల్లాడు కూడా. పసుపు దీపం నా గది గోడ మీద తిరగడం చూశాను, వెనకే రాళ్లు రాలిన చప్పుడు విన్నాను. చలి పదిహేను ఫారెన్‌హీట్ కిందకి దిగితే ఆ ఉప్పు కూడా పెద్దగా పనిచేయదు, దాన్లో కాల్షియం క్లోరైడు కలపాలి. మీరు ఆ విషయం కూడా ‘పద్నాలుగు నుంచి ఇరవై’ అని తేల్చారు.

పొద్దున ఆరింటికి మా అబ్బాయి స్కేలు పట్టుకుని వెనక డెక్ మీదకి వెళ్లాను. కుర్చీ మీద పేరుకున్న స్నోలో నిలువునా గుచ్చాను. రెండుంపావు. మీ కింది అంకెకి ముప్పావు అంగుళం తక్కువ. మరోచోట గుచ్చినా రెండుంపావే. మా టౌన్‌హౌస్ సంఘం ఒప్పందం ప్రకారం రెండంగుళాలు దాటితేనే కాంట్రాక్టరు వచ్చి డ్రైవ్‌వే ఊడుస్తాడు. ఆయన తన స్కేలుతో కొలిస్తే ఒకటిముప్పావు వచ్చిందట. ఆయన ఎక్కడ గుచ్చాడో నాకు తెలీదు, చెట్టు కింద అని నా అనుమానం. పార పట్టుకుంది మాత్రం నేను. నడుం పట్టేసింది. అమ్మ గుమ్మంలో నిలబడి, “దీనికేనా నాలుగు రోజుల్నించి ఆ ఫోన్ని అరగదీశావు?” అంది.

బడి రెండు గంటలు ఆలస్యం. ఆఫీసు వాళ్లు ‘మీ విచక్షణ మేరకు రండి’ అని మెయిల్ పెట్టారు. మీ దగ్గర నేర్చుకున్న భాషే అనుకుంటాను. నేనూ ‘తొమ్మిది నుంచి పదకొండు మధ్య వస్తాను’ అని జవాబిచ్చాను.

ఇంతకీ ఆదివారానికి మీ తమ్ముడు ‘ఒకటి నుంచి నాలుగు’ బయల్దేరుతున్నాడని ఇప్పుడే ఫోన్లో వచ్చింది. ఈసారి రెండు గ్యాలన్లు తెస్తాను. కొత్తిమీర దొరికితే అమ్మ రెండు కట్టలు తెమ్మంది.

ఇట్లు,
రెండుంపావు అంగుళాల ఇంటివాడు